కోపంతో పడుకోమన్న మా మేనత్త

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపానికి రెండు మందులు ఉండేవి. కోపం వస్తే మంచినీళ్ళు తాగి, దేవుణ్ణి తలుచుకుని, మనసు చల్లబడ్డాక పడుకోమని మా నాన్న చెప్పేవాడు. మా మేనత్త మాత్రం చల్లారనియ్యకు, ఆ కోపంతోనే పడుకో అనేది. నాన్న మాట విని గడిపిన రోజులే నా జీవితంలో ఎక్కువ. కానీ నా గొంతు నాకు దక్కింది అత్త మాట వల్ల. ఆ సంగతి చెబుతుంటే ఇప్పటికీ నా మాట కొంచెం గట్టిగా వస్తుంది. మనవలు "నానమ్మా, ఎవర్ని తిడుతున్నావు?" అని అడుగుతారు. తిట్టాల్సిన వాళ్ళనే తిడుతున్నాను.

అప్పుడు మేం పోర్ట్‌బ్లెయిర్‌లో, డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. చెక్క గోడలు, రేకుల కప్పు. వాన వస్తే ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు, అక్కడేమో సగం ఏడాది వానే. స్వతంత్రం వచ్చాక మెయిన్‌లాండ్ నుంచి ఓడల మీద జనం వచ్చి దిగుతున్న కాలం అది. మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి, ఆ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాడై, ఇక్కడొక ఇంజనీరు గారి ఆఫీసులో గుమస్తాగా చేరాడు. మా క్వార్టర్ల వరసలో బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవాళ్ళు ఉండేవారు. అందరికీ కలిసిన భాష హిందీ. అయితే ఎవరి హిందీలో వాళ్ళ ఇంటి భాష వినిపించేది. మా అమ్మ కుళాయి దగ్గర "దీదీ, జరా బిందె హటావో నా" అనేది, అక్కా, కాస్త బిందె జరుపు అని. అవతలి బెంగాలీ ఆవిడ తన యాసలో ఏదో అనేది. ఇద్దరికీ అర్థమయ్యేది. అంతకన్నా భాషకి ఇంకేం కావాలి?

నేను అయిదో తరగతిలో ఉండగా మా స్కూలు పండగ చూడటానికి ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడని తెలిసింది. మా హిందీ టీచరమ్మ పిల్లలందర్నీ నిలబెట్టి, మన దీవి గురించి తలా నాలుగు మాటలు చెప్పమంది. అందరూ కొబ్బరిచెట్లు, సముద్రం, శంఖాలు అన్నారు. నా వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అందుకని మా అమ్మ ఎప్పుడూ చెప్పే మాటే హిందీలోకి తిప్పి చెప్పేశాను.

అమ్మ కొత్త పెళ్ళికూతురిగా ఓడెక్కిందట. దారి పొడవునా వాంతులతో ఓడ కింది అంతస్తులోనే పడి ఉందట. ఇంక దిగుతామనగా ఎవరో భుజం పట్టుకుని పైకి తీసుకొచ్చారు. తలెత్తి చూసే ఓపిక కూడా లేదు. చుట్టూ వాన ముసురు, నీళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. అప్పుడు గాలిలో తడిసిన చెట్ల వాసన వచ్చింది. నేల కనిపించకముందే నేల వాసన. అది గుండెల నిండా పీల్చుకుని, పరవాలేదు, ఇక్కడ బతకొచ్చు అనుకుందట మా అమ్మ.

టీచరమ్మ మెల్లగా తలూపింది. తర్వాత ఆ మాటకి ముందూ వెనకా నాలుగు వాక్యాలు కలిపి, ఈ మాటే అధికారి ముందు చెప్పాలని, నన్నే చెప్పమని అంది. రోజూ క్లాసు ముందు నిలబెట్టి చెప్పించింది. "జమీన్ దిఖ్‌నే సే పహలే ఉస్‌కీ ఖుష్‌బూ ఆయీ." నేల కనపడేలోగా దాని పరిమళం వచ్చింది. ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలని నేర్పింది కూడా ఆవిడే. ఇంట్లో అమ్మ తన పెళ్ళినాటి పట్టుచీర తీసి ఎండలో వేసింది. ఆ దీవికి వచ్చాక ఆ చీర కట్టుకునే సందర్భం ఆవిడకి అదే మొదటిది.

పండగ రేపనగా టీచరమ్మ నన్ను పక్కకి పిలిచింది. మా క్లాసులోకి ఆ ఏడాదే ఒకమ్మాయి కొత్తగా చేరింది. మెయిన్‌లాండ్‌లో ఎక్కడో పెద్ద ఊరి నుంచి వచ్చింది. మా నాన్న పనిచేసే ఆఫీసులో పై అధికారి, ఆ ఇంజనీరు గారి కూతురు.

"బేటీ, తుమ్ సమఝ్‌దార్ హో" అంది టీచరమ్మ. నువ్వు తెలివైనదానివి, అర్థం చేసుకుంటావు అని. ఢిల్లీ పెద్దాయన ముందు మాట శుద్ధంగా ఉండాలి, నీ హిందీలో ఇంకా తెలుగు వినిపిస్తోంది, అందుకని ఆ అమ్మాయి చెబుతుంది, నీకు అంతా కంఠతా వచ్చు కాబట్టి తెర వెనక నిలబడి, ఆమె మరిచిపోతే అందించు. ఇదీ ఆవిడ చెప్పింది. చెప్పి నా తల నిమిరింది. ఆ నిమరడం నాకు ఇప్పటికీ ఒంటి మీద పాకినట్టు ఉంటుంది. ఇన్ని రోజులు వినిపించని తెలుగు ఆ రోజే ఎలా వినిపించిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు నేను తెర వెనక నిలబడ్డాను. ఇంజనీరు గారమ్మాయి మొదటి వాక్యం చెప్పి ఆగిపోయింది. నేను అందించాను. రెండోది అందించాను. ఆ తర్వాత ప్రతి వాక్యమూ నేను గుసగుసగా అనడం, ఆమె పైకి అనడం. తెర సందులోంచి హాలు కనిపిస్తోంది. చిట్టచివరి వరసలో పట్టుచీరలో మా అమ్మ మెడ సాచి స్టేజీ మీద నన్ను వెతుక్కుంటోంది. నేల వాసన మాట వచ్చేసరికి అమ్మ మెడ సాచడం ఆగిపోయింది. అమ్మకి హిందీ ఎంత వచ్చినా రాకపోయినా, తన మాట తనకి తెలియదా?

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అధికారి లేచి నిలబడి, ఇంత చక్కటి మాట నేర్పిన ఈ పాప తల్లి ధన్యురాలు అని, ముందు వరసలో కూర్చున్న ఇంజనీరు గారి భార్య వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. ఆవిడ చిరునవ్వుతో లేచి నమస్కారం అందుకుంది. ఏ ఓడలో వచ్చిందో ఆవిడ, ఏ వాసన పీల్చిందో. మా అమ్మ చివరి వరసలో కూర్చునే ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ చీర విప్పి, మడత పెట్టి, పెట్టెలో పెట్టేసింది. నేను ఏడుస్తూ నాన్నకి చెప్పాను. నాన్న తల దించుకుని విని, "పోనీలేమ్మా. పెద్దవాళ్ళతో మనకెందుకు? ఆయన చేతి కింద పనిచేసేవాళ్ళం. నీకొచ్చిన విద్య ఎక్కడికీ పోదు" అన్నాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. నాన్నని నేను తప్పుపట్టను. ఆ "పోనీలే" అనే మాటని మాత్రం తప్పుపడతాను. మా ఇంట్లో ఆ మాట ఉప్పులాగా అన్నిట్లోనూ పడేది.

అప్పట్నుంచి నాకు ఒకటే కల. స్కూలు నుంచి వచ్చి మధ్యాహ్నం అన్నం తిని కాసేపు పడుకుంటే చాలు, నేను తెర వెనక ఉండేదాన్ని. ఎదురుగా జనం. నేను మాట అందించాలి. గొంతు పెగలదు. ఎవరో గొంతులో గుడ్డ కుక్కినట్టు ఉండేది. కడుపులోంచి మంట లేచి చెవుల దాకా వచ్చేది. ఆ మంటతోనే మెలకువ వచ్చి వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. స్కూల్లో మాట్లాడటం కూడా తగ్గించేశాను. పాఠం చదవమంటే నిలబడి పుస్తకంలోకి చూసేదాన్ని, మాట బయటికి వచ్చేది కాదు. ఈ పిల్లకి పొగరు అంది టీచరమ్మ. నా గొంతు తీసుకుంది తనే, పొగరన్నదీ తనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అలాగే ఏడుస్తూ లేచేసరికి పక్కన మా మేనత్త కూర్చుని ఉంది. మా నాన్నకి అక్క. భర్త సముద్రంలో పోతే నాన్న వెళ్ళి ఓడ మీద తీసుకొచ్చాడు. మా ఇంట్లోనే ఉండేది. వడియాల పిండి రుబ్బడం, చేపలు ఎండబెట్టడం, పిల్లల జుట్టు దువ్వడం, అన్నీ చేసేది కానీ ఎక్కువ మాట్లాడేది కాదు. ఆమె భర్త గురించి ఎవరూ ఎత్తేవారు కాదు.

"ఏటే గుంటా, ఏటొచ్చినాది కలలో?" అని అడిగింది.

చెప్పాను. మొదటినుంచీ చెప్పాను. ఆమె మధ్యలో ఊరుకో అనలేదు, పోనీలే అనలేదు. నేను చెప్పడం అయ్యాక, "కోపవొస్తందా, ఏడుపొస్తందా?" అంది. కోపమే అన్నాను. "మంచిదే" అంది.

అప్పుడు తన సంగతి చెప్పింది. మావయ్యకి ఆ రోజు ఒళ్ళు కాలిపోతోందట. సముద్రం పోటు మీద ఉంది. అయినా ఆయన అన్నలు, వలకి మనిషి తక్కువయ్యాడని బలవంతంగా నావ ఎక్కించారు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత వాళ్ళే, నీ జాతకమే వాణ్ణి మింగింది అన్నారు. ఆమె చేతి గాజులు పగలగొట్టిందీ వాళ్ళే. అత్త నోరు తెరవలేదు. తెరవనివ్వలేదు.

"నాకూ నీలాగే ఒకటే కల వొచ్చీది. మీ మావ వల బుజాన ఏసుకుని నీల్లలోకి ఎల్లిపోతుండీవోడు. నాను ఒడ్డున రాయిలాగ నిలబడిపోయీదాన్ని. ఒక రోజు కలలో ఎంత కోపవొచ్చినాదంటే, ఒళ్ళంతా నిప్పయిపోనాది. అప్పుడు తట్టినాది. ఓలమ్మో, ఇంత కోపం పగలు నేనెప్పుడు పడినాను? నన్ను పడనిచ్చినారా ఎవులైనా? ఇంత కోపం వొచ్చిందంటే ఇది కలే అని తెలిసిపోనాది."

ఆమె ఆ మాట చాలా మామూలుగా అంది. నాకు పదేళ్ళు. అయినా ఆ మాట మరిచిపోలేదు. ఒక ఆడమనిషి తన కోపం ఇంత నిండుగా ఉండటం చూసి, ఇది నిజం అయ్యుండదని గుర్తుపట్టిందంటే, ఆమెని మెలకువలో ఎంత అణిచి ఉంచారో ఆలోచించండి.

కల అని తెలిశాక అత్తకి భయం పోయిందట. ఆయన వెనకే నీళ్ళలోకి నడిచింది. నీళ్ళు మెడ దాకా వచ్చాయి, తల మునిగింది. అయినా ఊపిరి ఆడుతూనే ఉంది. వెళ్ళి ఆయన భుజం పట్టుకుని ఆపింది. ఒంట్లో బాగోలేనప్పుడు వెళ్ళనని ఎందుకు చెప్పలేదని నిలదీసింది. ఆయన తల దించుకుని విన్నాడట. ఆ తర్వాత మెలకువ వచ్చేసింది. కానీ మర్నాటి నుంచీ గుండె మీద బండ కొంచెం జరిగినట్టు అనిపించిందట. మళ్ళీ ఆ కల వచ్చినప్పుడల్లా, కోపం రాగానే, ఇది కల అని తెలిసిపోయేదట.

"నీకూ అలగే సెయ్యొచ్చు" అంది. పద్ధతి చెప్పింది. పగలు కోపం వచ్చినప్పుడల్లా మింగెయ్యకూడదు. అక్కడే ఆగి, రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, నోరు బిగించి, ఊపిరి తీసి చూడాలి. ఇది కలా, మెలకువా అని లోపల అడగాలి. మెలకువ అయితే ఊపిరి ఆడదు. కల అయితే ముక్కు మూసినా ఆడుతుంది, ఆమెకి నీళ్ళలో ఆడినట్టే. పగలు అలవాటైపోతే కలలో కోపం వచ్చినప్పుడు కూడా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోతుంది. పడుకునే ముందు జరిగినదంతా మళ్ళీ తలుచుకుని, కోపాన్ని రాజేసుకుని, "నువ్వు వచ్చినప్పుడు ఇది కల అని నాకు చెప్పు" అని ఆ కోపానికే అప్పజెప్పాలి. ఇదీ మా అత్త కనిపెట్టిన విద్య. ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆమె కోపమే నేర్పింది.

మర్నాటి నుంచి నేను మొదలుపెట్టాను. కుళాయి దగ్గర మా బిందె వెనక్కి నెట్టి ఎవరో ముందుకి దూరితే ముక్కు మూసుకున్నాను. నా పలక బలపం మా అన్న తీసుకుంటే ముక్కు మూసుకున్నాను. మా వరసలో పిల్లలు నన్ను చూసి నవ్వేవారు. క్లాసులో టీచరమ్మ ఇంజనీరు గారమ్మాయిని పొగుడుతుంటే ముక్కు మూసుకున్నాను. తన దగ్గర వాసన వస్తోందని వెక్కిరిస్తున్నాననుకుని ఆవిడ నన్ను బయట నిలబెట్టింది. వరండాలో నిలబడి మళ్ళీ ముక్కు మూసుకున్నాను, కోపం ఇంకా ఎక్కువైంది కాబట్టి.

వెంటనే ఏమీ జరగలేదు. చాలాసార్లు కల వచ్చింది, పోయింది, ముక్కు సంగతి గుర్తే రాలేదు. లేచాక అత్త దగ్గర చిన్నబుచ్చుకునేదాన్ని. "కంగారేటి? వొలేసిన ప్రెతిసారీ సేప పడతాదేటి?" అనేది. ఒకసారి గుర్తొచ్చింది కానీ ఇది కల అని తెలియగానే సంతోషంతో మెలకువ వచ్చేసింది. సంతోషం కూడా లేపేస్తుందనీ, తెలిశాక నిదానంగా ఉండాలనీ, కాళ్ళ కింద నేలని గట్టిగా తొక్కి నిలబడాలనీ అత్త అప్పుడు చెప్పింది.

తర్వాత ఒక ఆదివారం, పెద్ద వాన. రేకుల మీద చప్పుడు. అమ్మ గుమ్మం దగ్గర బియ్యంలో రాళ్ళేరుతోంది. నేను ఇంజనీరు గారి భార్య నమస్కారం అందుకున్న ఆ చిరునవ్వుని మళ్ళీ మళ్ళీ తలుచుకుంటూ, పళ్ళు బిగించుకుని నిద్రపోయాను.

తెర వెనక ఉన్నాను. జనం. గొంతులో గుడ్డ. మంట లేచింది. చెవుల దాకా వచ్చింది. నా చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది. గట్టిగా మూశాను. ఊపిరి వచ్చింది. చల్లగా, హాయిగా లోపలికి వెళ్ళింది.

ఆ క్షణాన్ని ఎలా చెప్పాలో ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తెలియదు. ఎదురుగా ఉన్న తెర, స్టేజీకి వేసిన బల్లలు, హాల్లో మనుషులు, అన్నీ ఇంకా స్పష్టంగా కనిపించాయి. అవన్నీ నా కలే. ఇక్కడ నన్ను వెనక నిలబెట్టే అధికారం ఎవరికీ లేదు. నేలని తొక్కి నిలబడ్డాను. మెలకువ రాలేదు.

కల దొరికితే టీచరమ్మని ఏం చెయ్యాలో నేను ముందే అనుకుని పెట్టుకున్నాను. చెప్పుకోదగ్గవి కావు. కానీ తెర తోసుకుని ముందుకి వచ్చాక ఆవిడ వైపు చూడాలని కూడా అనిపించలేదు. ఇంజనీరు గారమ్మాయి పక్కనుంచి, ఢిల్లీ అధికారి ముందునుంచి, మెట్లు దిగి, తిన్నగా చివరి వరసకి నడిచాను. అక్కడ మా అమ్మ పట్టుచీరలో కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. హిందీలో కాదు, మా ఇంటి తెలుగులో చెప్పాను. ఓడ గురించి, వాంతుల గురించి, ముసురు గురించి. నేల కనిపించకముందే నేల వాసనొచ్చింది అని, అక్కడ ఒక్క క్షణం ఆగాను. గొంతులో ఏ అడ్డూ లేదు.

మెలకువ వచ్చేసరికి నేను పక్కలో కూర్చుని నిజంగానే పైకి అంటున్నానట. అమ్మ చేట పక్కన పెట్టి నన్నే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు. అత్త గోడకి ఆనుకుని ఏమీ తెలియనట్టు వక్క కత్తిరిస్తోంది. ఆ పండగ రోజు జరిగినదాని గురించి అమ్మా నేనూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి. "అది నా మాటేనే. నాకు తెలుసు" అంది అమ్మ. అంతే అంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది అత్త నేర్పిన ఒక చిట్కా కథగా మిగిలిపోయేది. కానీ ఆ తర్వాత కొన్నాళ్ళకి టీచరమ్మ క్లాసులోకి వచ్చి, రేడియోవాళ్ళు మన పిల్లల మాటలు రికార్డు చేస్తారట, ఢిల్లీ అధికారి మెచ్చిన ఆ మాటలే కావాలన్నారట అని చెప్పింది. ఇంజనీరు గారమ్మాయి చెబుతుంది. నన్ను చూసి, నువ్వు పక్కన కూర్చుని చిన్నగా అందించు అంది. మళ్ళీ.

మంట లేచింది. చెయ్యి అలవాటుగా ముక్కు మీదికి పోయింది. గట్టిగా మూసి, ఊపిరి లాగాను.

ఆడలేదు.

అంటే ఇది కల కాదు. ఇక్కడ కళ్ళు తెరుచుకున్నంత మాత్రాన తెర తొలగదు. దీన్నుంచి నన్ను ఎవరూ లేపరు. నేనే లేవాలి. లేచి నిలబడ్డాను.

"టీచర్‌జీ, వో మేరీ మా కీ బాత్ హై. మై బోలూంగీ" అన్నాను. అది మా అమ్మ మాట, నేనే చెబుతాను అని.

గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. పక్క క్లాసు వాళ్ళకి కూడా వినిపించిందట. అందులో తెలుగు నిండా వినిపించే ఉంటుంది. వినిపించనీ అనుకున్నాను.

టీచరమ్మ నా చెవి పట్టుకుని పెద్ద టీచరు గారి గదికి తీసుకెళ్ళింది. నాన్నకి కబురు వెళ్ళింది. నాన్న ఆఫీసు నుంచి గొడుగు కూడా లేకుండా తడుస్తూ వచ్చి, గది గుమ్మంలోనే చేతులు జోడించి నిలబడ్డాడు. టీచరమ్మ చెప్పుకుపోయింది. పొగరు, ఎదురు మాట, ఇంజనీరు గారమ్మాయి మీద అసూయ. ఆ అమ్మాయి చెప్పిన మాటలు తనవని అబద్ధం కూడా ఆడుతోంది అంది. ఆ మాటలకి క్లాసులో అందరికన్నా ముందు తలూపింది ఈవిడే. పెద్ద టీచరు గారు నాన్న వైపు తిరిగి, క్షమాపణ చెప్పించండి, విషయం ఇంతటితో వదిలేద్దాం అన్నారు.

నాన్న నా వైపు చూశాడు. పోనీలే అంటాడని ఎదురుచూశాను. ఆయన పెదవులు ఆ మాటకి అలవాటుగా కదిలాయి కూడా. తర్వాత జోడించిన చేతులు విడదీశాడు.

"మేడమ్, మా పాప అబద్ధమాడలేదండి. అది వాళ్ళమ్మ మాటేనండి. ఓడ దిగిన రోజు నాతోనే చెప్పింది" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. కానీ మళ్ళీ చేతులు జోడించలేదు.

పెద్ద టీచరు గారు టీచరమ్మ వైపు చూసి, నిజమేనా అని అడిగారు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఇప్పుడైనా న్యాయం జరుగుతుందని మీరు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. రేడియోకి ఆ మాటలే తీసేసి, పిల్లలందరి చేతా ఒక పాట పాడించి పంపించారు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా చేశామని సంబరపడి ఉంటారు. నా మనసు వాళ్ళ లెక్కలో లేదు. నన్ను ఒక వారం వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఇంజనీరు గారమ్మాయి ఒక రోజు నా దగ్గరికి వచ్చి, "ముఝే తో బోల్‌నా హీ నహీ థా" అంది. నాకసలు చెప్పాలనే లేదు అని. ఆ పిల్లనీ ఎవరూ అడగలేదన్నమాట.

ఆ వానాకాలం పోయేలోపు నాన్నకి ఉత్తరాన దూరంగా ఉన్న మాయాబందర్‌కి బదిలీ అయింది. అక్కడికి అప్పట్లో పడవ మీదే పోవాలి. దానికీ దీనికీ సంబంధం లేదని ఆఫీసులో అందరూ అన్నారు. నాన్న కూడా అలాగే అన్నాడు. అత్త మాత్రం సామాను సర్దుతూ, "మా తమ్ముడు ఒక్క నిజం సెప్పినాడు, ఆల్లు దాన్ని ఓడెక్కించీసినారు" అంది. స్కూలు నుంచి నన్ను ఇంటికి నడిపించుకొచ్చిన ఆ రోజు నాన్న దారంతా నా చెయ్యి పట్టుకుని నడిచాడు. మా వరస కనపడే మలుపు దగ్గర ఆగి, "గట్టిగా అరిచావటగా. గొంతు నొప్పెడుతోందా?" అని అడిగాడు. లేదన్నాను. మంచిది అన్నాడు.

మాయాబందర్‌లో నేను బాగానే చదువుకున్నాను. తర్వాత అదే దీవుల్లో టీచరు ఉద్యోగం చేశాను. ఇప్పుడు రిటైరై పోర్ట్‌బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో ఉంటున్నాను. మా అత్త పోయి చాలా ఏళ్ళయింది. కలలు వస్తూనే ఉంటాయి. కొన్నిట్లో ఇది కల అని తెలుస్తుంది, కొన్నిట్లో తెలియదు. ఆ టీచరమ్మని నేను ఇప్పటిదాకా క్షమించలేదు. క్షమించమని మా అత్త నాకెప్పుడూ చెప్పలేదు. కోపం వచ్చినప్పుడు కళ్ళు తెరిచి, ఉన్నది కలలోనా మెలకువలోనా చూసుకొమ్మంది. కలైతే ముందుకి నడవమంది. మెలకువైతే ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు, ఆమెకి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు. అది మాత్రం ఆ క్లాసులో నేనే లేచి నిలబడి తెలుసుకున్నాను.

నా క్లాసులో ఏళ్ళ తరబడి ఎంతోమంది పిల్లలు కోపంగా మొహం ఎర్రబడి నిలబడ్డారు. ఇప్పుడు మా వీధిలోనూ అప్పుడప్పుడు ఒక పిల్ల అలా కాళ్ళు నేలకేసి కొడుతూ మా అరుగు మీదికి వస్తుంది. పెద్దవాళ్ళు వెనకనుంచి ఊరుకోమని అరుస్తారు. నేను పొయ్యి ఆపేసి వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఎవరు ఏమన్నారో, ఏం చేశారో మొదటినుంచీ చెప్పించుకుంటాను. ఏ భాషలో చెబితే ఆ భాషలో వింటాను. ఆ పిల్ల చెప్పడం పూర్తయ్యేదాకా అక్కణ్ణుంచి లేవను.